సెలవుల క్యాలెండరు, సముద్రం క్యాలెండరు

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మొదలుపెడతారు: "ఈ సమ్మర్‌కి బీచ్‌కి పోదామా?" ఇక పేర్లు వచ్చి పడతాయి. బావ గోవా అంటాడు. అక్క వైజాగ్ చాలంటుంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని మేనల్లుడు ఏకంగా మాల్దీవులంటాడు. హోటల్ రేట్లు, రీల్సు, ఎవరో పోయినేడు దిగిన ఫోటోలు అన్నీ వస్తాయి. మనం వెళ్లే నెలలో అక్కడి సముద్రం ఎలా ఉంటుందని మాత్రం ఎవరూ అడగరు.

ఒకప్పుడు నేనూ అడగలేదు. పదేళ్ల కిందట, బడులు తెరవడానికి వారం ముందు, సగం ధరకే వస్తోందని గోవాలో గది తీసుకున్నాను. సగం ధర ఎందుకో దిగాక తెలిసింది. ఒడ్డున ఉండే తాత్కాలిక హోటళ్లు, అక్కడివాళ్లు షాక్‌లు అంటారు, మే నెలాఖరుకే విప్పేశారు. ఇసుక మీద ఎర్రజెండా, దాని వెనక బూడిదరంగు నీళ్లు, పైనుంచి వాన. నాలుగు రోజులూ పిల్లలు కిటికీలోంచి సముద్రం చూసి తిరిగొచ్చారు. మోసం ఎవరూ చేయలేదు. నేను చూడాల్సింది చూడలేదు, అంతే.

చూడాల్సింది ఏమిటంటే, తెలుగు రాష్ట్రాల్లో బడికెళ్లే పిల్లలున్న ఇంటికి ఏడాదిలో పెద్ద సెలవులు మూడే. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 దాకా వేసవి. అక్టోబరు అటూ ఇటూగా దసరా. జనవరిలో సంక్రాంతి. వీటిని రుతుపవనాల పక్కన పెట్టి చూస్తే మూడింట్లో రెండు సముద్రానికి కుదరవు. మనం ప్రయాణాలు పెట్టుకునేది సరిగ్గా ఆ రెండింట్లోనే.

ముందు పడమటి తీరం సంగతి. నైరుతి రుతుపవనాలు జూన్ 1కి అటూ ఇటూగా కేరళని తాకుతాయి, మరో వారానికి గోవా చేరతాయి. ఆ గాలి నేరుగా అరేబియా సముద్రం మీంచి వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటుంది. అందుకే హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే వాన 800 మిల్లీమీటర్లు ఉంటే, గోవాలో దాదాపు 3,000. అందులో సింహభాగం జూన్-సెప్టెంబరు మధ్యే. వానొక్కటే అయితే గొడుగేసుకుని తిరగొచ్చు. ఆ గాలి లేపే అలలతోనే ప్రమాదం. గోవా, గోకర్ణ, మురుడేశ్వర్, వర్కల, కోవళం అన్నింటికీ ఇదే లెక్క. నవంబరు చివరి నుంచి మార్చి దాకా హాయి, ఏప్రిల్, మే నెలల్లో ఉక్క, జూన్ నుంచి నాలుగు నెలలు నీళ్లలోకి దిగే పని లేదు.

తూర్పు తీరం దీనికి సగం తిరగేసినట్టు ఉంటుంది. నైరుతి కాలంలో కనుమల చాటున ఉంటాం కాబట్టి వాన తక్కువ. కానీ అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. నెల్లూరు వైపూ కొంతవరకు అదే తీరు. అంతకంటే పెద్ద లెక్క తుఫాన్లది. బంగాళాఖాతంలో వాయుగుండాలకు రెండు కాలాలు: రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే, తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు. రెండోది మరీ గట్టిది. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది 2018 అక్టోబరు 11న. ఆరేళ్లలో మూడు పెద్ద తుఫాన్లు, దాదాపు ఒకే తేదీ. మూడూ ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరమే. దసరా సెలవుల్లో వైజాగ్ టికెట్లు బుక్ చేసేటప్పుడు ఈ తేదీలు నాకు గుర్తొస్తాయి. ప్రతి అక్టోబరులోనూ తుఫాను వస్తుందని చెప్పడం లేదు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గది తీసుకోండి అంటున్నాను.

ఇక వేసవి. మే నెలలో తూర్పు తీరంలో ఎండకి లోటేం ఉండదు. విశాఖలో ఉష్ణోగ్రత 34, 35 అని ఫోన్‌లో చూసి, మా రామగుండంతో పోలిస్తే ఊటీయే కదా అనుకుంటాం. అక్కడ దిగితే చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. పొద్దున పది, పదకొండు దాటాక సముద్రం మీంచి గాలి మొదలై కాస్త ఊపిరి పోస్తుంది గానీ, అప్పటికి ఇసుక కాళ్లు పెట్టనివ్వదు. భీమిలి, శ్రీకాకుళం వైపు ఇసుకలో ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం కలిసి ఉంటుంది. నల్లటి ఇసుక ఇంకా తొందరగా కాలుతుంది. కాబట్టి వేసవిలో మన తీరానికి వెళ్తే పొద్దున్నే ఐదున్నరకి లేచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ నాలుగున్నర తర్వాత. మధ్యలో గదిలో ఫ్యాను కింద పడుకోవడమే. అందుకు సిద్ధపడితే బాగానే గడుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, చేపలు తినేవాళ్లకు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు ఆపుతారు. అంటే మన వేసవి సెలవులకీ ఆ నిషేధానికీ తేదీలు ఇంచుమించు అతికినట్టు సరిపోతాయి. తెడ్డు వేసుకుని వెళ్లే చిన్న పడవలవాళ్లు తెచ్చిందే తాజా సరుకు, దాని ధరా అలాగే ఉంటుంది. వైజాగ్ వెళ్లి పీతల వేపుడు తిందామని మే నెలలో బయల్దేరినవాళ్ల ప్లేటులో పడేది చాలాసార్లు ఐస్‌లో పెట్టిన సరుకో, చెరువు రొయ్యో. పడమటి తీరంలో ఈ నిషేధం జూన్, జులై నెలల్లో.

మిగిలింది సంక్రాంతి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తుఫాన్ల భయం దాదాపు ఉండదు, గాలి తగ్గుతుంది, బంగాళాఖాతం ఏడాది మొత్తంలో ఎప్పుడూ లేనంత నెమ్మదిస్తుంది. నీళ్లూ చల్లగా ఉండవు, మన సముద్రాలకు చలికాలమంటూ లేదు. అంతా బాగుంది గానీ, సంక్రాంతికి ఊరికి రాకుండా బీచ్‌కి పోతున్నామంటే అమ్మ ఒప్పుకోవాలి కదా! దీనికి నా దగ్గరున్న ఉపాయం చిన్నదే. మీ ఊరో, అత్తగారి ఊరో కోనసీమలోనో, నరసాపురం వైపో, బాపట్ల, చీరాల దగ్గరో ఉంటే సముద్రం అక్కడికి గంట దూరం కూడా ఉండదు. కనుమ మర్నాడు పొద్దున్నే ఒక ఆటో మాట్లాడుకుంటే పేరుపాలెమో, ఓడలరేవో, సూర్యలంకో చూసి టిఫిను వేళకి ఇంటికి రావచ్చు. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు చదువుకున్నాం. కొత్తగా కొలిచాక అది 1,050 కిలోమీటర్లు దాటింది. అంత పొడుగు తీరం పెట్టుకుని ఒక్క ఆర్కే బీచ్‌లోనే తోసుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

వేసవి తప్ప వేరే సెలవు దొరకదంటారా? అప్పుడు ఎండ ఎటు పోయిందో అటు పోవాలి. శ్రీలంక దీనికి మంచి ఉదాహరణ. ఆ దేశం నడుమ ఎత్తయిన కొండలున్నాయి. నైరుతి గాలి వచ్చినప్పుడు వానంతా కొలంబో, గాలె, మిరిస్సా ఉన్న నైరుతి వైపే పడుతుంది. కొండలకు ఆవల ట్రింకోమలీ, నిలావెలి, పాసికుడా ఉన్న తూర్పు తీరంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ, కదలని నీళ్లు. డిసెంబరు నాటికి తారుమారు: తూర్పున వాన, దక్షిణాన ఎండ. మే నెలలో శ్రీలంక ప్యాకేజీ ఇస్తూ బెంటోటా బీచ్ రిసార్టు చూపించే ఏజెంటుని, "ట్రింకోమలీ ఎందుకు పెట్టలేదు?" అని అడిగి చూడండి.

థాయిలాండ్ కూడా ఇంతే. ఫుకెట్, క్రాబీ ఉన్న వైపు మే నుంచి అక్టోబరు దాకా అలలు పెద్దవి. అవతలి వైపు థాయ్ గల్ఫ్‌లో ఉన్న కో సముయి దీవికి అసలు వానలు అక్టోబరు తర్వాతే. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు వానాకాలమైతే అక్కడ పొడి కాలం, కాబట్టి మే, జూన్‌లకు బాగా కుదురుతుంది. అయితే బాలిలో కూడా కుటా వైపు అలలు సర్ఫింగ్ చేసేవాళ్ల కోసం. పిల్లలతో వెళ్తే పగడపు దిబ్బల చాటున ఉన్న సనూర్, నుసా దువా నయం. మేనల్లుడి మాల్దీవులకు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. వాడికి పిల్లలు లేరు, ఎప్పుడైనా పోవచ్చు.

నెల కుదిరాక చూడాల్సింది నీటి అడుగు. ఫోటోలో కనపడనిది అదే.

తీరం కొన్నిచోట్ల పళ్లెంలా మెల్లగా లోతవుతుంది, కొన్నిచోట్ల రెండడుగులు వేస్తే గొంతులోతు. మెత్తటి సన్న ఇసుక ఉంటే సాధారణంగా వాలు తక్కువ, ముతక ఇసుక ఉంటే ఎక్కువ. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో ఇసుక కంటే నల్లమట్టే ఎక్కువ. చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ పెద్దవాళ్లు మాఘ పౌర్ణమికి, కార్తీక పౌర్ణమికి స్నానాలకు అక్కడికి వెళ్లడంలో ఆ లోతు తక్కువ కావడానికీ పాత్ర ఉందనిపిస్తుంది. విశాఖ దగ్గరి యారాడ దీనికి పూర్తిగా వేరు. కొండల నడుమ ఒడ్డు చూస్తే మతి పోతుంది, అడుగు మాత్రం చప్పున జారుతుంది. అది కూర్చుని చూడాల్సిన బీచ్.

వాలు ఎలా ఉన్నా, మనవాళ్లని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది రిప్ కరెంట్. పేపర్లో "అలల ఉధృతికి కొట్టుకుపోయిన యువకులు" అని చదువుతాం గానీ, చాలాసార్లు లాగేది అల కాదు, తిరిగి వెళ్లే నీరు. అలలు వరసగా వచ్చి ఒడ్డున నీళ్లు పోస్తుంటాయి. ఆ నీళ్లు వెనక్కి పోవాలి. ఒడ్డుకి కొంచెం అవతల నీటి కింద ఇసుక దిబ్బ ఉంటుంది. దానికి ఎక్కడో గండి పడి ఉంటుంది. పొలంలో నిండిన నీళ్లన్నీ గట్టు తెగినచోటుకే ఎలా పరిగెడతాయో, ఒడ్డున పోగైన నీళ్లన్నీ ఆ గండిలోంచి సముద్రంలోకి అలా పరిగెడతాయి. వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

అసలు కిటుకు ఏమిటంటే, ఆ గండి ఉన్నచోట లోతెక్కువ కాబట్టి అల విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగతో కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ నున్నగా, కాస్త ముదురు రంగులో కనపడుతుంది. ఈత రానివాళ్లు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అని ఏరికోరి అక్కడే దిగుతారు. ఒడ్డుకి రాగానే ఐదు నిమిషాలు నిలబడి నీళ్లని చూస్తే ఈ పాయ కంటపడుతుంది. నురుగో, చెత్తో ఒడ్డు నుంచి లోపలికి పోతూ ఉంటే అదే గుర్తు.

చిక్కుకుంటే అది అడుగుకి లాగదు, దూరానికి లాగుతుంది. ఒడ్డువైపు ఈదితే అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదాలి. ఆ పాయ ఎక్కువ వెడల్పు ఉండదు, దాటాక అలలే ఒడ్డుకి తెస్తాయి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకరు పోయిన వార్తలు మనకు కొత్త కాదు. తాడో, ఖాళీ డబ్బానో, చున్నీల ముడో విసరాలి, దిగకూడదు. ఎర్ర, పసుపు రంగులు కలిసిన జెండాలు రెండు కనిపిస్తే వాటి మధ్యే లైఫ్‌గార్డులు చూస్తున్నారని అర్థం. ఒట్టి ఎర్రజెండా ఉంటే కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టాలి.

ఈ అలల అంచనాలు చెప్పే కేంద్రం సముద్రమే లేని మన హైదరాబాద్‌లో ఉంది, ప్రగతినగర్ దగ్గర. ఇన్‌కాయిస్ అంటారు. సునామీ హెచ్చరికలు కూడా అక్కడినుంచే వెళ్తాయి. ఏ తీరంలో రేపు అల ఎంతెత్తు లేస్తుందో వాళ్ల సైట్లో చూడొచ్చు. మత్స్యకారుల కోసం పెట్టినదే, మనం చూస్తే ఎవరూ కాదనరు. అంచనా మీటరు దాటితే మా పిల్లల్ని పిక్కల లోతు దాటనివ్వను. ఇది శాస్త్రం కాదు, నా భయం.

నీళ్ల రంగు గురించి ఒక మాట. వైజాగ్ నుంచి వచ్చినవాళ్లు, అండమాన్ ఫోటోలు చూసి, "మన సముద్రం మురికిది" అంటారు. మురికి ఉన్నచోట్ల ఉంది, దాన్ని వెనకేసుకురాను. కానీ రంగుకి అసలు కారణం ఒండ్రు. గోదావరి, కృష్ణ తెచ్చిన మట్టిని అలలు కలుపుతూ ఉంటే అంతర్వేదిలో నీళ్లు టీ రంగులోనే ఉంటాయి. కోనసీమ వరి పండేది ఆ మట్టిలోనే. అండమాన్‌లో, లక్షదీవుల్లో పెద్ద నదులు లేవు. అక్కడి తెల్ల ఇసుక పగడాలు, గవ్వలు అరిగి తయారైంది, చిలకచేపలు పగడాన్ని కొరికి విసర్జించిందీ అందులో ఉంటుంది. నీలం రంగే కావాలంటే అక్కడికే పోవాలి, మన తీరంలో వెతికి ఉసూరుమనకూడదు. లక్షదీవులకు ముందుగా పర్మిట్ తీసుకోవాలి. అండమాన్‌లో డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది, మన గడియారమే అంత తూర్పున కూడా నడుస్తుంది మరి. కొన్ని తీరాల్లో మొసళ్లున్నాయన్న బోర్డులు ఉంటాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు.

బ్లూ ఫ్లాగ్ చూసి బీచ్ ఎంచుకోవచ్చా అని మా అక్క అడిగింది. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ 33 అంశాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. 2020లో తొలి విడతలో మన దేశంలో 8 తీరాలకు వచ్చింది, రుషికొండ, పూరీ గోల్డెన్ బీచ్, అండమాన్‌లోని రాధానగర్ వాటిలో ఉన్నాయి. నీటి పరీక్షలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, లైఫ్‌గార్డులు ఉండాలని నిబంధన. ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్న కుటుంబానికి సముద్రం కంటే ఇవే ముఖ్యం, ఆ మాట ఎవరూ పైకి అనరు గానీ. అయితే జెండా ఒకసారి వస్తే శాశ్వతం కాదు, నిర్వహణ బాగోలేదని 2025లో రుషికొండకు కొన్నాళ్లు తీసేసి మళ్లీ ఇచ్చారు. పైగా గుర్తింపు హద్దులు గీసిన ఆ కాస్త మేరకే, పక్కనున్న కిలోమీటర్లకు వర్తించదు. అలలకు జెండా సంగతి తెలియదు కూడా.

పొద్దున లేవలేని కుటుంబమైతే పడమటి తీరమే మేలని నా అభిప్రాయం. మన వైపు సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు, సాయంత్రమైతే వెనక ఊళ్లోకి దిగిపోతాడు. గోవాలోనో, గోకర్ణలోనో మధ్యాహ్నం నిద్రలేచి వెళ్లినా సూర్యాస్తమయం మీ కోసం ఆగి ఉంటుంది.

ఇన్ని చూసుకున్నాక కూడా కుదరని రోజులుంటాయి. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో పూరీ వెళ్లాం. నెల మంచిదే, వాన లేదు, నెత్తిన ఎండ, నేను సైట్లో అల ఎత్తు కూడా చూశాను. పూరీ ఒడ్డున నూలియాలని ఉంటారు, తెల్లటి కోను టోపీ పెట్టుకుని స్నానాలు చేయించే జాలరులు. వాళ్లలో చాలామందివి మన వైపు నుంచి తరాల కిందట వెళ్లిన కుటుంబాలు, ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. మేం మాట్లాడుకోవడం విని ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. స్నానం చేయిస్తే ఆయనకి డబ్బులొస్తాయి. అయినా నీళ్లకేసి ఒకసారి చూసి, "ఇయ్యాల ఒద్దు బాబూ, లాగుడుంది. రేపు పొద్దున్న రండి" అన్నాడు.

మావాడు మూతి ముడుచుకున్నాడు. ఒడ్డున కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిన్నాం. మర్నాడు ఆరింటికే వెళ్తే ఆయన మా కోసం నిలబడి ఉన్నాడు, ఈసారి చెయ్యి పట్టుకుని మావాణ్ణి తనే తీసుకెళ్లాడు.